మా రోజుల్ల బ్యాటరీకి నీళ్లు పోసేటోళ్లం

ఏ ఊరికి పోయినా ఇదే కత. పశువుల కొట్టం మీద ఒక నల్ల సోలార్ ప్యానెల్, ట్రాక్టర్ షెడ్డు మీద ఇంకొకటి, చేను గట్టున కట్టెకు కట్టి మరొకటి. జగిత్యాల కాడ బస్సెక్కి కిటికీ పక్కన కూసోని ఉట్నూరు దాకా చూసుకుంట పోతే తొవ్వ పొడుగూతా అవే. ఇవేం చేస్తయిరా అంటే, బ్యాటరీ డౌన్ కాకుంట చూసుకుంటయట. చూసుకోనియ్యుండ్రి. చూసుకునే మనుషులు కరువైనంక ఏదో ఒకటి చూసుకోవాలె గదా.

మా మనుమడు సుత ఒకటి తెచ్చిండు, పది వాట్లది. ట్రాక్టర్ షెడ్డు రేకుల మీద బిగించి, రెండు తీగలు కిందికి దించి, బ్యాటరీకి తగిలించి, చేతులు దులుపుకున్నడు. "తాతా, ఇగ బ్యాటరీ రంది లేదు" అన్నడు. రంది లేకపోతే పొద్దెట్ల పోతదిరా అనబోయి ఊకున్న. ఈ కాలం పిల్లలకు రంది లేకపోవుడే సుఖం. మాకు రందే కాలక్షేపం, అదే పోతే మా చేతుల ఇంకేముంటది?

ఈ ముసలోనికి బ్యాటరీల సంగతేం తెలుసని అనుకునేవు బిడ్డా, జర ఆగు. గోదావరిఖనిల బొగ్గుబాయి మీద ల్యాంప్ రూమ్‌ల నౌకరి చేసినోన్ని నేను. నా అన్నం బ్యాటరీల నుంచే వచ్చింది. సీసం పలకలు, గంధకపు యాసిడ్, డిస్టిల్ వాటర్, ఇవి తప్ప నాకు వేరే దేవుళ్లు లేకుండె. ఆదివారం మాత్రం మల్లన్నకు మొక్కేటోన్ని, అది సుత ఇంట్ల పోరు పడలేక.

ల్యాంప్ రూమ్ అంటే మీకేం తెలుస్తది. బాయి దిగే ప్రతి మనిషికి టోపీకి ఒక దీపం, దానికి నల్లటి తీగ, నడుముకు బెల్టు, ఆ బెల్టుకు బ్యాటరీ. రెండు సెల్లులు, నాలుగు వోల్టులు, రెండు కిలోలకు పైనే బరువు. ఆ బరువు మోసుకుంట మైళ్లకు మైళ్లు సొరంగంల నడిచేటోళ్లు మావోళ్లు. షిఫ్టుకు ముందు కిటికీ కాడికొచ్చి బిళ్ల ఇచ్చి ఎవని నంబరు దీపం వాడు తీసుకపోవాలె, పైకొచ్చినంక మల్ల తెచ్చి ర్యాకుకు తగిలియ్యాలె. ఏ నంబరు జాగ ఖాళీగ ఉన్నదో ఆ మనిషి ఇంకా భూమిల ఉన్నట్టు. షిఫ్టు దిగినంక చానసేపటి దాకా ఒక జాగ నిండకపోతే మాకు చాయ్ గొంతు దిగకపోయేది. తీరా చూస్తే వాడు బయట చెట్టు కింద కూసోని ముచ్చట్లు పెడుతుండేది, అది వేరే సంగతి. అసొంటోన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పత్రికోళ్లు అచ్చువెయ్యరు.

బాయిల దీపం ఆరిపోతే ఎట్లుంటదో మీరు ఊహించుకోలేరు. కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. మీ సెల్‌ఫోన్ల టార్చి అందుకునే చీకటి గాదది. అందుకే ఒక్కొక్క బ్యాటరీని చేతిల పట్టుకోని చూసేటోళ్లం. యాసిడ్ మట్టం ఎంతున్నది, మూతలు గట్టిగున్నయా, తీగ ఎక్కడన్న చిట్లిందా. యాసిడ్ కారితే బాయి దిగినోని నడుము కాలుతది, ఆ మచ్చలు పింఛన్ దాకా ఉంటయి. మా గతి ఏమన్నా మెరుగా? పొద్దున మంచిగున్న ప్యాంటు చాకిరేవుకు పోయొచ్చేసరికి జల్లెడ. యాసిడ్ చుక్క పడ్డప్పుడు తెల్వది, ఉతికినప్పుడు బొక్క తేలుతది. మా ఇంటామె "నీకు గోనెసంచి కుట్టిస్త, అదే తొడుక్కో" అనేది. అందుల సుత బొక్కలే పడేటియి, గోనెకు సిగ్గు లేదు గాబట్టి కనపడకపోతుండె.

గిప్పుడేమో లిథియం దీపాలు, ఎల్ఈడీలు. తీగ లేదు, బెల్టు లేదు, టోపీ మీదనే అంతా. ఇంత తేలికైతే బాయి దిగుతున్నట్టు ఎట్ల తెలుస్తదిరా అని మొన్న ఒక పిల్లగాన్ని అడిగిన. "నీ కాలంల నడుం నొప్పి ఉండెనా తాతా?" అని ఎదురడిగిండు. ఉండె. గిప్పటికీ ఉన్నది. కాని మాటకు మాట చెప్పుడు మా కాలంల లేకుండె.

ఏం చెప్తున్న? ఆ, సోలార్.

అసలు మీకు బ్యాటరీ చార్జింగ్ షాపు తెలుసా? కరీంనగర్ బస్టాండు దిక్కు, టవర్ సర్కిల్ గల్లీలల్ల, మంచిర్యాల స్టేషన్ ముందట ఉంటుండె. పొద్దుగాలనే ఊర్లకెళ్లి సైకిల్ క్యారియర్ మీద బ్యాటరీ కట్టుకోని వచ్చేటోళ్లు, కింద గోనెసంచి, పైన రబ్బరు ట్యూబు. షాపాయన మూతలిప్పి, గాజు గొట్టం పిచికారి పెట్టి యాసిడ్ పీల్చి, అందులో తేలే బుడ్డిని చూసి గ్రావిటీ చెప్పేటోడు. 1250 అంటే నిండుగున్నట్టు. 1150కి దిగితే ఖాళీ. 1100 అన్నడంటే మనిషి మొకం మాడేది. ఆయన మాటకు తిరుగు లేదు. వరుసపెట్టి బ్యాటరీలకు తీగలు కలిపి రాత్రంతా పెడితే లోపల బుడబుడమని గాలి బుడగలు లేచేటియి. అది ఉదజని గాలి, బీడీ ముట్టిచ్చినవా టపుక్కున పేలుతది. "ఇక్కడ బీడీ తాగరాదు" అని సున్నంతో గోడకు రాసి, దాని కిందనే నిలబడి తాగే పెద్దమనుషులను చూసిన నేను. వాళ్లెట్ల బతికిన్రో మల్లన్నకే ఎరుక.

చార్జింగ్ అయ్యేదాకా మనిషి ఏం చేస్తడు? పట్నంల తిరుగుతడు. పురుగుమందు కొంటడు, కోర్టు కాడ వకీలును కలుస్తడు, మాట్నీ చూస్తడు, చుట్టాలింట్ల పండుకుంటడు. పిల్ల ఉన్నదంటే సంబంధం మాట్లాడుకోని వస్తడు. ఒక్క బ్యాటరీ నింపనీకి పోయి వియ్యంకుడైనోళ్లు మా ఊర్లె ఉన్నరు. గిప్పుడు ప్యానెల్ నీ కొట్టం మీదనే ఉండె, నువ్వు ఎవన్ని కలుస్తవు? ఎండను కలుస్తవు. ఎండ పిల్లనిస్తదా?

1987ల టీవీల రామాయణం వచ్చినప్పుడు చూడాలె మా ఊరి బ్యాటరీల భాగోతం. ఊరికంతటికి ఒక్క టీవీ, డయనోరానో సాలిడేరో, నలుపు తెలుపుది. ఆదివారం పొద్దుగాల సరిగ్గ ఆ టైముకే కరెంటు పోయేది. అప్పుడు ఎవలో ఒకలు పటేలు ట్రాక్టర్ల నుంచి పన్నెండు వోల్టుల బ్యాటరీ ఊడదీసుకొచ్చి టీవీ వెనుక తగిలిచ్చేటోళ్లు. ఆడోళ్లు టీవీకి దండ వేసి కొబ్బరికాయ కొట్టేటోళ్లు. రాముడు అడివిల ఉండంగనే బొమ్మ చిన్నగై, ఇంకా చిన్నగై, చుక్కయి ఆరిపోయేది. తెల్లారి పటేలు ట్రాక్టర్ స్టార్ట్ కాకపోయేది. పది మంది పిల్లలు ఎనుకకెళ్లి నెట్టితే గాని ఇంజన్ అందుకోకపోతుండె. రామాయణం పుణ్యం, ట్రాక్టర్ నెట్టిన పుణ్యం రెండూ దక్కినయి మాకు. గిప్పటి పిల్లలకు ఏ పుణ్యమూ లేదు, సెల్‌ఫోన్ల చూసుకుంట ఒక్కడే నవ్వుకుంటడు.

బ్యాటరీ అంటే ఊకెనే ఉండేది గాదు బిడ్డా. అది వట్టిపోయిన బర్రె అసొంటిది, పాలియ్యకపోయినా మేత తప్పదు. యాసంగి పంట కోసినంక ట్రాక్టర్‌ను షెడ్డుల పెట్టి వానాకాలం దున్నకం దాకా మర్చిపోతరు. బండి నిలబడే ఉన్నది గదా, బ్యాటరీ ఎక్కడికి పోతది అనుకుంటరు. అది లోపల తనంతట తానే దిగుతుంటది. ఎండ ఎంత ముదిరితే అంత జల్ది దిగుతది. పది డిగ్రీలు వేడి పెరిగితే దిగుడు దాదాపు రెట్టింపు అన్నట్టు. మన రామగుండం ఎండలు మీకెరుకనే, మే నెలల 45 దాటి పోతది. అట్ల దిగిన బ్యాటరీని అట్లనే వదిలేస్తే సీసం పలకల మీద తెల్లగ పొర గట్టి గడ్డలవుతది. దాన్నే సల్ఫేట్ పట్టుడంటరు. అప్పుడే ఎక్కిస్తే కరుగుతది, నెలలు దాటినంక కరగదు. పట్నం తీసుకపోయి షాపాయన కాళ్లు మొక్కినా కరగదు. నా ఎరుకల సచ్చిన బ్యాటరీలల్ల పనిచేసి సచ్చినయి తక్కువ, పని లేక సచ్చినయే ఎక్కువ. మనుషులు సుత అంతే అనుకో. మా తోటి రిటైర్ అయినోళ్లల్ల అరుగు మీద కూసున్నోళ్లే ముందు పోయిన్రు.

గందుకే ఈ ప్యానెల్. మనుమడు నాకు పాఠం చెప్పబోయిండు. లెక్క నేనే వానికి చెప్పిన. పది వాట్లంటే నడిమధ్యాన్నం మహా అయితే అర ఆంపియర్ పైచిలుకు. ట్రాక్టర్ బ్యాటరీ ఎనభై, తొంభై ఆంపియర్-గంటలది. ఖాళీగున్న బ్యాటరీని దీంతోని నింపాలంటే పండుగ పోయి పండుగ వస్తది. నిండుగున్నదాన్ని దిగకుంట ఆపనీకి మాత్రం అర ఆంపియర్ చాలు, ఎక్కువే. బతికున్నదాన్ని బతికిచ్చేదే గాని సచ్చినదాన్ని లేపేది గాదిది. ఇది తెల్వక మా పక్కూరి పిలగాడు సచ్చిన బ్యాటరీకి ప్యానెల్ కట్టి వారం రోజులు దండం పెట్టుకుంట కూసున్నడు.

ఇంకొక సంగతి. పన్నెండు వోల్టుల ప్యానెల్ అని పేరే గాని, తీగలు ఊకెనే వదిలేసి మీటర్ పెడితే ఇరవై ఒకటి, ఇరవై రెండు వోల్టులు చూపిస్తది. బ్యాటరీ నిండితే 12.6, 12.7 కాడ ఉంటది. నిండినంక గూడ ప్యానెల్ నెట్టుకుంటనే ఉంటే లోపల నీళ్లు ఉడికి గాలై పోతయి, పలకలు బయటపడి ఎండుతయి. అందుకే నడుమ కంట్రోలర్ అని ఒక చిన్న డబ్బా. 14.4 దాకా ఎక్కనిచ్చి, ఆ తర్వాత 13.6 కాడ పట్టి ఉంచుతది. రాత్రి బ్యాటరీల కరెంటు ఎనుకకు మర్లి ప్యానెల్‌కు పోకుంట సుత అడ్డుకుంటది. ఈ పనంతా ల్యాంప్ రూమ్‌ల మేం మనుషులం చేసేటోళ్లం, మూడు షిఫ్టులు, రాత్రి నిద్ర మానుకోని. గిప్పుడు అగ్గిపెట్టె కంటే జర పెద్దగున్న డబ్బా చేస్తున్నది. దానికి జీతం లేదు, బోనస్ లేదు, యూనియన్ లేదు, దసరా అడ్వాన్స్ లేదు. మా కంటే సాఫ్‌గ చేస్తున్నది గూడ. ఆ మాట మాత్రం మనుమని ముందట అనను, నెత్తికెక్కుతడు.

షాపోళ్లు చేసే జుల్మ్ సుత దీనికి తెల్వది. అర్జెంటని తొందరపెడితే కొందరు బలంగ ఆంపియర్లు ఎక్కిచ్చి రెండు గంటల్ల చేతికిచ్చేటోళ్లు. చేతికిచ్చినప్పుడు గరం గరం ఉంటుండె. నెల తిరక్కుంట పలకల మసాలా రాలి సెల్ షార్ట్ అయ్యేది. ప్యానెల్‌కు తొందర లేదు. మెల్లగ, మా కాలం మెల్లగ. ఈ కాలంల పుట్టినా ఆ ఒక్క గుణం మాత్రం మా కాలందే.

ఈ సీసం బ్యాటరీని 1859ల ఫ్రాన్స్ దేశపు గాస్టన్ ప్లాంటే చేసిండు. మన నిర్మల్ దిక్కు రాంజీ గోండు తెల్లోళ్ల మీద తిరగబడ్డ కాలమది. అప్పటి నుంచి ఎంతమంది ఏమేం కనిపెట్టినా బండి స్టార్ట్ చెయ్యాలంటే ఎక్కువగ అదే సీసం, అదే యాసిడ్. ఎండ నుంచి కరెంటు తీసే సిలికాన్ బిళ్ల అమెరికాల బెల్ ల్యాబుల 1954ల పుట్టింది, అంటే బ్యాటరీ కంటే దాదాపు వందేండ్లు చిన్నది. ముసల్దానికి సేవ చెయ్యనీకి పిల్లను పెట్టినట్టే అయింది. ఆ మాట కొస్తే మా ఇంట్ల నాకట్ల ఎవలు పెట్టలేదు.

ఆదిలాబాద్ దిక్కు ముచ్చట చెప్పాలె. అక్కడ చేన్లకు ఝట్కా మిషన్లు పెట్టిన్రు. చేను చుట్టూ సన్నని తీగ, గుంజకు మిషన్, మిషన్‌కు పన్నెండు వోల్టుల బ్యాటరీ, దానికి ప్యానెల్. పొద్దంతా ఎండల నిండుతది, రాత్రంతా సెకనుకొక్కసారి టక్కు టక్కుమని ఝట్కా వదులుతది. వోల్టులు వేలల్ల ఉన్నా సెకనుల వెయ్యోవంతు కాలమే. అడివి పంది మూతి తాకిచ్చి గుర్రుమని మర్లిపోతది, సావది. మనిషి తాకితే జాడిచ్చి కొట్టినట్టైతది గాని బతుకుతడు.

మా రోజుల్ల ఝట్కా మిషన్ ఎక్కడిది? మక్క చేన్ల నడుమ మంచె వేసుకోని, గొంగడి కప్పుకోని, డబ్బా కొట్టుకుంట, వడిసెలతోని రాళ్లు విసురుకుంట తెల్లార్లు కావలి. చలికాలం ఆదిలాబాద్ అంటే మాటలా, ఐదు డిగ్రీలకు కిందికి దిగుతది, పండ్లు కొరుక్కుంట ఉండాలె. ఒక మంచె మీదోడు పాట అందుకుంటే ఇంకొక మంచె మీదోడు జవాబు ఇచ్చేది. ఊరంతా రాత్రి మేల్కొని ఉంటుండె. గిప్పుడు చేన్లు వాటంతట అవే టక్కు టక్కుమంటున్నయి, మనుషులు దుప్పటి నిండా కప్పుకోని గురకపెడుతున్నరు. ఏం బతుకది?

ఏం బతుకంటే, మంచి బతుకే. దాచిపెడితే పాపం తగుల్తది. మంచె మీద పాములు గరిచి పోయినోళ్లున్నరు. పందులకని కొందరు స్తంభానికి కొండి తగిలిచ్చి నేరుగా కరెంటు తీగ పరిస్తే, పొద్దుగాల నీళ్లు కట్టబోయిన మనుషులు దానికే పడి సచ్చిన్రు. ఆ వార్త లేని సీజన్ లేకపోయె మన జిల్లాలల్ల. ఆ కరెంటు కంటే ఈ బ్యాటరీ నూరుపాళ్లు నయం. గిట్ల ఒప్పుకునుడు నాకు కష్టమే గాని, శవపంచనామాలు చూసిన కండ్లివి. మంచె పాట పోతే పోయె, ఎట్లాగూ సగంమంది శ్రుతి తప్పే పాడేటోళ్లు.

ఇగ మా గోదావరిఖని సంగతే చూడు. బొగ్గు మీద బతికిన ఊరు. ఎన్టీపీసీ రామగుండం 1983ల మొదటి యూనిట్ తిప్పింది, ఎదిగి ఎదిగి 2600 మెగావాట్లయింది. మేం తోడిన బొగ్గు కాలి దేశమంతా దీపాలు వెలిగినయి. ఆ చిమ్నీల పొగ చూసి "అగో మన బొగ్గు" అనుకునేటోళ్లం, దగ్గుకుంటనే. అదే ఎన్టీపీసీ తన చెర్వు నీళ్ల మీద ఐదువందల ఎకరాలల్ల సోలార్ ప్యానెల్లు తేలగట్టింది. వంద మెగావాట్లట, 2022 జులై నుంచి పూర్తిగ నడుస్తున్నయి. నీళ్ల మీద ఎండ పంట! మా సింగరేణి గూడ ఊకుంటదా, అది సుత సోలార్ పెట్టుకున్నది. బొగ్గు తవ్వే కంపెనీ ఎండను ఏరుకుంటున్నదంటే ఇంకెవలికి చెప్పుకోవాలె? ఐనా ఆ ప్యానెల్లున్న కాడ చెర్వు నీళ్లు ఆవిరయ్యేది తగ్గుతదట, నీటి సల్లదనానికి ప్యానెల్ గూడ మంచిగ పనిచేస్తదట. ఎండకు పనిచేసేదానికి ఎండ ఎక్కువైతే పడదు. మనుషుల పంచాయితీయే ఇది, కావాలె గాని ఎక్కువ వద్దు.

ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ అయినంక దుమ్ము లేచి ఎంత దూరం పోతదో మీకెరుకనే. ఖని చుట్టూ ఊర్లల్ల ప్యానెల్ పెట్టిన వారానికే దాని మీద నల్లటి పొర. బొగ్గు తన పగ తీర్చుకుంటున్నది, తీర్చుకోని. మనుమడు మాత్రం అద్దం తుడువడు. "తాతా, ఇది మెయింటెనెన్స్ ఫ్రీ" అంటడు. తుడిచేది నేను, తడి గుడ్డతోని, నిచ్చెన ఎక్కి, మా ఇంటామె కింది నుంచి శాపనార్థాలు పెడుతుంటే. అయితే నాది నౌకరి అయిపోయిందని ఎవడన్నడు?

కోతుల సంగతి చెప్పనే లేదు. కరీంనగర్ జిల్లాల కోతులకు సోలార్ అంటే ఏమంత ప్రేమనో. పొద్దుగాల సల్లగున్నప్పుడు ప్యానెల్ మీద ఎక్కి కూసుంటయి, తీగలు గుంజి నాకి చూస్తయి. మా రోజుల్ల కోతులు జామ చెట్ల మీదుండేటియి. అడివి కొట్టేసింది మనమే, ఊర్లకు రాకపోతే అవెక్కడికి పోతయి. ఐనా తీగ కొరుకుడేంది?

ఇగ ఇన్వర్టర్ల ముచ్చట. 1970 కాలంల సిరిసిల్ల దిక్కు సెస్ అని సహకార సంఘమే పల్లెలకు కరెంటు ఇచ్చుడు మొదలుపెట్టింది. మా దిక్కు ఇంటింటికి కరెంటు వచ్చినంక గూడ అది వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకే 2000 తర్వాత మెట్ల కింద ఇన్వర్టర్ లేని ఇల్లు లేకుండె. నూటయాభై ఆంపియర్-గంటల ట్యుబులర్ బ్యాటరీ, మీది నుంచి ప్లాస్టిక్ మూత, ఆ మూత మీద పూలకుండి. రోజుకు మూడు పూటలు కరెంటు పోతుండె గాబట్టి అది కిర్రుమని మోగుకుంట పని చేసేది, మనం పదిహేను దినాలకొకసారి నీళ్లు చూసేటోళ్లం. తెలంగాణ వచ్చినంక కోతలు తగ్గినయి, 2018 జనవరి 1 నుంచి పొలాలకు సుత ఇరవైనాలుగు గంటలన్నరు. మంచిదే. కాని ఆ ఇన్వర్టర్ బ్యాటరీ గతి చూడు. మెట్ల కింద చీకట్ల, ఏ పని లేక, ఎప్పుడూ చార్జింగ్‌ల తగిలి, మెల్లమెల్లగ నీళ్లు ఆవిరై ఎండిపోతున్నది. ఎవడు మూతిప్పి చూస్తడు? ఏదో గాలివాన రాత్రి కరెంటు పోతే అప్పుడు తెలుస్తది అది ఎన్నడో సచ్చిందని. కరెంటు పోయి సచ్చిన బ్యాటరీలు చూసిన, కరెంటు పోక సచ్చిన బ్యాటరీలను మీ కాలంలనే చూస్తున్న. మీది గొప్ప కాలం.

సచ్చిన బ్యాటరీ గూడ మా రోజుల్ల ఊకెనే పోకపోయేది. గోదావరి ఒడ్డున చేపలు పట్టేటోళ్లు మంథని దిక్కు నుంచి వచ్చి పాత పలకలు కొనుక్కపోయేటోళ్లు. పొయ్యి మీద కరిగిచ్చి వలలకు సీసం గుళ్లు పోసుకునేటోళ్లు. ఆ పొగ ముక్కుకు పోతే ఏమైతదో ఎవలికీ తెల్వకుండె, పిల్లలు చుట్టూ చేరి చూస్తుండేది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తదని డాక్టర్లు చెప్పిన్రు. మా తరం గిట్లెందుకు మాట్లాడుతదో ఇప్పుడన్న అర్థమైందా? 2001ల పాత బ్యాటరీల మీద కేంద్రం నియమాలు తెచ్చింది, 2022ల వాటి జాగాల కొత్తవి వచ్చినయి. కొత్తది కొంటే పాతది షాపోనికే ఇయ్యాలె, ధరల తగ్గిస్తడు. ఇయ్యిండ్రి. పెరట్ల పెట్టి యాసిడ్ మొక్కలకు పారబొయ్యకుండ్రి. మా పక్కింటాయన మల్లెచెట్టు గట్లనే మాడింది.

కాబట్టి ప్యానెల్ పెట్టినవా, పెట్టుకో. నేను వద్దనలేదు, సణిగిన. కంట్రోలర్ లేకుంట పెట్టకు, ఎర్ర తీగ ఎర్రదానికే పెట్టు, కోతులకు అందకుంట పైపుల నుంచి తీగ దించు. మీ సీల్డ్ బ్యాటరీ సంగతి నేను చెప్పలేను, దానికి మూతలే లేకపాయె. మూతలున్నదైతే నెలకొక్కసారన్న ఇప్పి చూడు. పలకలు మునిగినంత నీళ్లుండాలె. డిస్టిల్ వాటర్ మాత్రమే పొయ్యాలె, యాసిడ్ పొయ్యకు. బోరునీళ్లు పొయ్యకు, మన బోర్లల్ల ఉప్పు ఎంతుంటదో చాయ్ గిన్నెను అడుగు. గల్లీ చివర ప్లాంటు కాడ పట్టుకొచ్చిన ఆర్వో నీళ్లు సుత డిస్టిల్ వాటర్ గాదు. అవి పోసి బ్యాటరీ ఖరాబు చేసుకోని "తాతా, ఏమైందో చూడు" అని మా ఇంటికి రాకు. వస్తే చూస్త, కాని తిట్టకుంట మాత్రం చూడను.